సెకనుకు ఇరవై నాలుగు వానలు

ఒక పాఠకుడి ప్రశ్న: "ఫోనులో తీసిన వీడియోకి గీతలు, దుమ్ము, పసుపు రంగు అన్నీ వేశాను. అయినా పాత సినిమాలా లేదు, మురికి పట్టిన కొత్త వీడియోలా ఉంది. ఎందుకని?"

గీతలూ దుమ్మూ ఫిల్ముకి ముసలితనంలో వచ్చే జబ్బులు. రంగుల సంగతి ఇప్పుడు వద్దు. నన్ను పట్టుకు వదలనిది గ్రెయిన్, అంటే ఫిల్ము బొమ్మలో ఇసుక చల్లినట్టు సన్నగా కనిపించే చుక్కలు.

సిల్వర్ బ్రోమైడ్ వెలుతురు తగిలితే నల్లబడుతుందని బళ్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. వందేళ్ల సినిమా ఆ ఒక్క ముక్క మీదే నడిచిందని ఎవరూ చెప్పలేదు! ఫిల్ము మీది జిలాటిన్ పూతలో ఈ స్ఫటికాలు అడ్డదిడ్డంగా చల్లి ఉంటాయి. ఒక్కోటీ మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. వెలుతురు తగిలి అందులో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, డెవలపర్‌లో, అంటే ఫిల్ము మీద బొమ్మను తేల్చే రసాయనంలో, ఆ స్ఫటికం మొత్తం వెండిగా మారిపోతుంది. మారితే మొత్తం, లేకపోతే లేదు.

ఎండిన సిమెంటు నేల మీద వాన మొదలవడం గుర్తు తెచ్చుకోండి. మొదట అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. నేల పొడిగానే ఉన్నట్టుంటుంది. కాసేపటికి సగం తడి, సగం పొడి. చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపించేది అప్పుడే. ఆ తర్వాత చుక్క మీద చుక్క పడి నేలంతా ఒకటే నలుపు. తడిసిన వంతును పొడి వంతుతో గుణిస్తే ఈ హెచ్చుతగ్గులు ఎంతో చెప్పే కొలత, వేరియన్స్, వస్తుంది: సగంసగం ఉన్నప్పుడు 0.5 × 0.5 = 0.25, తొంభై శాతం తడిస్తే 0.9 × 0.1 = 0.09. వానను వెలుతురు అనుకుంటే, గ్రెయిన్ ముఖాల మీద, మబ్బు పట్టిన ఆకాశంలో ఎక్కువగా కనిపించి, కారునలుపులోనూ మిరుమిట్ల తెలుపులోనూ ఎందుకు అణగిపోతుందో తెలుస్తుంది. మీ యాప్ గ్రెయిన్‌ను అన్నిచోట్లా ఒకేలా చల్లితే మాత్రం పాత సినిమాలా ఉండదు.

పైగా ప్రతి ఫ్రేముకీ నేల కొత్తది, వాన కొత్తది. ఒకే గ్రెయిన్ బొమ్మను వీడియో అంతా అతికిస్తే మురికి అద్దంలోంచి చూసినట్టుంటుంది. నేనూ మొదట్లో అదే చేసి, కెమెరా లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాను.

చినుకు సైజూ ముఖ్యమే. ఇంటి సినిమాలకు వాడిన చిన్న ఫిల్ము సూపర్ 8 ఫ్రేము వెడల్పు 5.8 మిల్లీమీటర్లు, 35 ఎంఎం సినిమా ఫ్రేముది దాదాపు 22. రెంటినీ ఒకే తెర నిండా సాగదీస్తే మొదటిదాంట్లో చినుకు నాలుగింతలు లావు. కలర్ ఫిల్ములో వెండిని కడిగేశాక ఆ చోట రంగు మరకలు మిగులుతాయి. మూడు పొరలు, మూడు వేరువేరు వానలు. అందుకని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లకు గ్రెయిన్ విడివిడిగా వేయాలి.

ఫిల్ములో ఏదో ఆత్మ ఉందనేవాళ్లతో నాకు పేచీ లేదు, కాకపోతే ఆ ఆత్మ స్కేలుకీ లెక్కకీ అందుతుంది.

ఇంత చేసి అప్‌లోడ్ చేస్తే అంతా మాయం కావచ్చు. వీడియో కంప్రెషన్ ముందు ఫ్రేమును బట్టి తర్వాతిదాన్ని ఊహించి డేటా పొదుపు చేస్తుంది. ఏ ఫ్రేముకా ఫ్రేము మారే వానను ఏ ఊహా పట్టలేదు, చెరిపేస్తుంది. ఏవీ1 అనే కోడెక్ (వీడియోను కుదించి, చూసేటప్పుడు విప్పే పద్ధతి) దీనికో ఉపాయం పెట్టింది: గ్రెయిన్‌ను తీసేసి, దాని లక్షణాలను కాసిని అంకెల్లో పంపితే, ప్లే చేసే పరికరం అక్కడికక్కడ కొత్తగా చల్లుతుంది. మీ కోడెక్‌లో ఆ వసతి లేకపోతే బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) పెంచి ఒక్క ముఖాన్ని దగ్గరగా చూడండి. చెంపలు మైనంలా నున్నగా కనిపిస్తుంటే, ఇంకా పెంచాలి.