హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించే ముందు: వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి స్లో అయిన ల్యాప్‌టాప్ చూపిస్తే, ఏ కౌంటర్ దగ్గరైనా మొదట వినిపించే మాట "ఎస్ఎస్‌డీ వేయించేయండి సార్". ఆ మాటలో తప్పేం లేదు, తిరిగే పళ్ళెం బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్ అది. అయితే ఏ రకం ఎస్ఎస్‌డీ, అది ఏ స్లాట్‌లో కూర్చుంటుంది, పాత డేటా ఎలా వస్తుంది అన్నవి తేల్చుకోకుండా డబ్బు కట్టేస్తే అవే మెట్లు మళ్ళీ ఎక్కాల్సి వస్తుంది.

అపోహ: మిషన్ పాతబడిపోయింది, ప్రాసెసర్ మారితే తప్ప లాభం లేదు.

ముందు టాస్క్ మేనేజర్ తెరవండి (కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే చాలు). డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడి, సీపీయూ మాత్రం 10, 15 శాతంలో తిరుగుతుంటే జబ్బు ప్రాసెసర్‌ది కాదు.

చాలా ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ అక్కడికి జరగడానికి ఇంకొంత. ఇలా చిన్న ఫైలు ముక్క ఒక్కోటి చదవడానికి 15 మిల్లీసెకన్ల దాకా పోతుంది. సెకనుకు వంద ముక్కలు కూడా దాటవు. విండోస్ మొదలవ్వాలంటే ఇలాంటివి వేలల్లో చదవాలి. మామూలు సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ తగిలే పోర్టుకే తగిలేది) ఆ ముక్కను 0.1 మిల్లీసెకను ప్రాంతంలో ఇచ్చేస్తుంది. పదేళ్ళు దాటిన ఐ3, ఐ5 మిషన్లు కూడా ఒక్కసారిగా లేచి కూర్చునేది అందుకే.

ర్యామ్ 4 జీబీయే ఉంటే ఇంకో 4 జీబీ కూడా వేయించండి. రెండింటిలో ఒకదానికే డబ్బుంటే, హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న మిషన్‌కు ముందు ఎస్ఎస్‌డీయే. గేముల్లో ఫ్రేములు పెరగవు, ఇంటర్నెట్ స్పీడు పెరగదు. అవి పెరుగుతాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

అపోహ: ఎం.2 ఎస్ఎస్‌డీలన్నీ ఒకటే, స్లాట్ ఉంటే చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎం.2 అనేది సన్నని స్టిక్కు ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఒకే ఆకారంలో సాటా స్టిక్కులూ ఉంటాయి, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ స్టిక్కులూ ఉంటాయి. కొన్ని స్లాట్లు సాటాను మాత్రమే గుర్తిస్తాయి, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే, కొన్ని రెండింటినీ. స్టిక్కు చక్కగా కూర్చుంటుంది, స్క్రూ బిగుస్తుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెరలో) మాత్రం కనిపించదు. అప్పుడు అది పాడైందని వెనక్కి ఇవ్వడానికి పరుగెత్తుతారు.

బంగారు పళ్ళ వరుసలో రెండు గాట్లు ఉంటే అది చాలావరకు సాటా, ఒకే గాటు ఉంటే ఎన్‌వీఎంఈ. రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి కాబట్టి గాట్లను నమ్మి ఊరుకోకుండా లేబుల్ చదవండి. పొడవూ చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242 లేదా 2230 మాత్రమే పట్టొచ్చు. ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లోని సర్వీస్ మాన్యువల్ తెరిస్తే ఇవన్నీ ఉంటాయి. ఎం.2 బిగించే చిన్న స్క్రూ కొన్ని ల్యాప్‌టాప్‌లలో రానే రాదు, స్టిక్కుతో పాటే అడిగి తీసుకోండి.

పదేళ్ళు దాటిన డెస్క్‌టాప్ బోర్డులకు ఇంకో చిక్కు ఉంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు మీద ఎన్‌వీఎంఈ బిగిస్తే విండోస్‌లో డ్రైవ్‌గా కనిపిస్తుంది గానీ, బయోస్‌కు ఎన్‌వీఎంఈ అంటే తెలియకపోతే దాన్నుంచి బూట్ కాదు. ఇలాంటి బోర్డుకు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొనడమే తెలివి. కొత్త బోర్డుల్లోనూ కొన్నిటిలో ఎం.2 స్లాట్ నింపగానే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. పాత హార్డ్ డిస్క్ మాయమైందని గాభరా పడకుండా కేబుల్‌ను పక్క పోర్టులోకి మార్చి చూడండి.

2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు, పాత ల్యాప్‌టాప్ డిస్కులు చాలావరకు 9.5. లోపల కదులుతుంటే ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి. కాగితం మడిచి దూర్చకండి.

అపోహ: సెకనుకు 7000 ఎంబీ అని రాసి ఉన్నది 550 ఎంబీ దానికంటే పన్నెండు రెట్లు వేగం.

డబ్బా మీద అంకె ఒకే పెద్ద ఫైలును ఏకబిగిన చదివినప్పటిది. ట్యాలీ, బ్రౌజర్, వర్డ్ తెరిచేటప్పుడు జరిగేది చిన్న చిన్న ముక్కల చదువు. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి వచ్చినప్పుడు తెలిసే తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్ళినప్పుడు తెలియదు. వీడియో ఎడిటింగ్ చేసేవారికి, రోజూ పదుల జీబీలు కాపీ చేసేవారికి ఎన్‌వీఎంఈ నిజంగా పనికొస్తుంది. పాత బోర్డులో సాటా 2 పోర్టే ఉంటే వేగం 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఆఫీసు పనికి అదీ చాలు.

అంకె కంటే చూడాల్సింది లోపలి చిప్‌ను. చవకరకం క్యూఎల్‌సీ (ఒక్కో గదిలో నాలుగు బిట్లు కుక్కే చిప్) డ్రైవ్‌లలో కొంత భాగం వేగమైన క్యాష్‌లా పనిచేస్తుంది. పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తుంటే అది నిండిపోయి, వేగం హార్డ్ డిస్క్ కంటే కిందికి కూడా జారొచ్చు. టీఎల్‌సీ (గదికి మూడు బిట్లది) దొరికితే అదే తీసుకోండి. సొంత డీర్యామ్ (డ్రైవ్ లోపలి చిన్న ర్యామ్) లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లో కొద్దిగా అరువు తెచ్చుకుని నెట్టుకొస్తాయి. సాటా డ్రైవ్‌లకు ఆ వెసులుబాటు లేదు.

అపోహ: క్లోన్ చేస్తే కాపీ పేస్ట్ అంత సులువు.

క్లోన్ అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానిలోకి దింపడం. సవ్యంగా చేస్తే సులువే. కానీ మొదటి పని క్లోన్ కాదు, పాత డిస్క్ ఆరోగ్యం చూడటం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 అనే వరుసల చివరి అంకెలన్నీ సున్నాలుగా ఉండాలి. లేకపోతే డిస్క్ పోయే దారిలో ఉంది. అప్పుడు క్లోన్ మొదలుపెట్టి మొత్తం డిస్క్‌ను గంటల తరబడి చదివించకండి, చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే ప్రోగ్రాం) అసలే వద్దు. ముఖ్యమైన ఫోల్డర్లు ముందు బయటికి తీసుకోండి, విండోస్ తర్వాత కొత్తగా వేసుకోవచ్చు.

డిస్క్ బాగుంటే వరుస ఇది. డేటా మొత్తానికి వేరే చోట ఒక కాపీ. తర్వాత సెట్టింగ్స్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, దాన్ని ఆఫ్ చేయడం. ఆన్‌లో ఉన్న సంగతి చాలామందికి కీ అడిగినప్పుడే తెలుస్తుంది. పాత డిస్క్ 1 టీబీ అయినా వాడింది 180 జీబీయే అయితే 500 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతుంది. చిన్న డ్రైవ్‌లోకి కుదించగల సాఫ్ట్‌వేర్‌ను కొన్ని ఎస్ఎస్‌డీ కంపెనీలు ఉచితంగా ఇస్తాయి. క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాం మాత్రం మామూలు పద్ధతిలో పాతదానికంటే చిన్న డ్రైవ్‌ను ఒప్పుకోదు.

యూఎస్‌బీ-సాటా కేబుల్‌తో కొత్త డ్రైవ్ తగిలించండి. ఎన్‌వీఎంఈ అయితే దానికి వేరే ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ను పెట్టి యూఎస్‌బీకి తగిలించే డబ్బా) కావాలి. సీ డ్రైవ్ ఒక్కటే కాదు, చిన్న చిన్న పార్టిషన్లతో (డిస్క్‌లోని భాగాలతో) సహా మొత్తం డిస్క్‌ను ఎంచుకోవాలి. బూట్ ఫైళ్ళుండేది ఆ చిన్నవాటిలోనే. 200 జీబీకి గంట, రెండు గంటలు పట్టినా కంగారు వద్దు. ఛార్జర్ తీయొద్దు.

అయిపోయాక షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ పీకి, మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ విడదీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కాకే డిస్క్ ముట్టుకోండి. ఎం.2 స్టిక్కును కొంచెం ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి స్క్రూ బిగించాలి. స్టార్ స్క్రూడ్రైవర్ సరైన సైజు కాకపోతే ఆ చిన్న స్క్రూ తల అరిగిపోయి ఇంకో తలనొప్పి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ మిషన్‌లో ఉండకూడదు. ఇద్దరు కవలలకు ఒకే ఆధార్ నంబరు ఉన్నట్టు రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు ఉంటుంది. విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, లేదా పాతదాన్నుంచే నడుస్తూ ఏ మార్పూ లేదనిపిస్తుంది.

విండోస్‌ను కొత్తగా వేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. రెండు డిస్కులూ తగిలించి ఉంటే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్ళను పాత డిస్క్‌లోనే వదిలేయొచ్చు. ఆర్నెల్ల తర్వాత ఆ డిస్క్ తీసిన రోజు కంప్యూటర్ లేవదు.

నీలం తెరమీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే, చాలాసార్లు బయోస్‌లో సాటా మోడ్ మారి ఉంటుంది. ముందున్న మోడ్‌కే తిప్పండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కు డ్రైవే కనిపించకపోతే డ్రైవ్ పాడైనట్టు కాదు. వీఎండీ అనే సెట్టింగ్ వల్ల అలా జరుగుతుంది. ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ నొక్కాలి.

అపోహ: డిస్క్ మారిస్తే విండోస్ లైసెన్స్ పోతుంది.

పోదు. విండోస్ 10, 11 డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డును చూస్తుంది. అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఇబ్బంది మిగతా సాఫ్ట్‌వేర్లతోనే. ట్యాలీ ఉంటే ముందే లైసెన్స్ సరెండర్ చేసి, కంపెనీ డేటా ఫోల్డర్ విడిగా బ్యాకప్ తీసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్, అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలు, అను ఫాంట్లు కొత్త ఇన్‌స్టలేషన్‌లో తమంతట తాము రావు. జీఎస్టీ రిటర్ను గడువుకు ముందు రోజు ఈ పని పెట్టుకోకండి.

అపోహ: ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ 11 కూడా ఎక్కుతుంది.

దానికి అడిగేవి టీపీఎం 2.0 (భద్రతా చిప్), మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ (ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి). డ్రైవ్ మారితే అవి మారవు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత మిషన్‌పై ఎంత ఖర్చు పెట్టాలో ఇది కూడా చూసుకుని తేల్చుకోండి.

అపోహ: ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుంది, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఆపేయాలి.

లెక్క వేద్దాం. కింగ్‌స్టన్ ఏ400 240 జీబీకి కంపెనీ చెప్పే టీబీడబ్ల్యూ, అంటే మొత్తం రాయగల మోతాదు, 80 టీబీ. రోజుకు 20 జీబీ రాసినా 4000 రోజులు, దాదాపు 11 ఏళ్ళు. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి అది 300 టీబీ. ఇంట్లో, చిన్న ఆఫీసులో వాడే డ్రైవ్ అరిగిపోయే లోపు ల్యాప్‌టాప్ కీలు విరుగుతాయి. పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు, ఆపితే ర్యామ్ తక్కువున్న మిషన్‌లో ప్రోగ్రాంలు మధ్యలో మూతపడతాయి, అంతకు మించి ఒరిగేదేం లేదు.

డీఫ్రాగ్ సంగతీ ఇలాంటిదే. పాతకాలపు డీఫ్రాగ్ ప్రోగ్రాంలు నడపొద్దు, నిజమే. కానీ విండోస్ సొంత ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డ్రైవ్‌కు చెప్పే కబురు) పంపుతుంది. దాన్ని ఆపకండి. క్లోన్ అయ్యాక ఒకసారి తెరిచి, మీడియా టైప్ దగ్గర సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసుకోండి.

అపోహ: కదిలే భాగాలు లేవు కాబట్టి డేటాకు ఢోకా లేదు.

కింద పడితే హార్డ్ డిస్క్ కంటే తట్టుకుంటుంది, అంతవరకే. హార్డ్ డిస్క్ పోయే ముందు టకటకలాడుతుంది, స్లో అవుతుంది, ఎంతో కొంత చెప్పి పోతుంది. ఎస్ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండా పోతుంది. నిన్న పనిచేసింది ఇవాళ బయోస్‌లోనే ఉండదు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలును హార్డ్ డిస్క్ నుంచి తిరిగి తీయడం తరచూ కుదురుతుంది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ వెళ్ళాక ఆ ఆశ దాదాపు లేనట్టే.

వేసవిలో కరెంటు టక్కున పోయి వచ్చే కాలనీల్లో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టండి. మామూలు ఎస్ఎస్‌డీల్లో, కరెంటు పోయిన క్షణంలో చేతిలోని రాతను పూర్తి చేసే కెపాసిటర్లు ఉండవు. బీరువాలో ఏళ్ళ తరబడి దాచే ఫొటోలకూ ఎస్ఎస్‌డీ సరైన చోటు కాదు. మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం, రాయగల మోతాదంతా రాసేసిన ఇంటి వాడకం డ్రైవ్ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది డేటా నిలిపితే చాలు. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. అయినా వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన మే నెల గదులు 30 దగ్గర ఆగవు.

అపోహ: 500 జీబీ కొంటే 465 చూపిస్తోంది, మోసం చేశారు.

కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1024తో. 240కి 223, 1 టీబీకి 931 కనిపించడం మామూలే. అసలు మోసం ఇంకోటి ఉంది. నమ్మశక్యం కాని ధరకు 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అమ్ముతారు. లోపల ఉండేది చిన్న మెమరీ చిప్, సైజు అబద్ధం చెప్పేలా మార్చిన ఫర్మ్‌వేర్. నిండాక కొత్త ఫైళ్ళు పాతవాటి మీదే పడిపోతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం నింపి చూస్తే బయటపడుతుంది. జీఎస్టీ బిల్లు తీసుకుని, సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి. వారంటీ ఇండియాకు వర్తిస్తుందో లేదో కూడా కౌంటర్ దగ్గర ఉండగానే చూడండి.

అపోహ: పాత హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేస్తే చాలు.

క్విక్ ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. పాన్ కార్డు స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరిగి తీయడం పెద్ద విద్య కాదు. క్విక్ అన్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ ఇస్తే విండోస్ ఆ పార్టిషన్ మొత్తం సున్నాలు రాస్తుంది. 1 టీబీకి మూడు గంటలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. డిస్క్‌లోని ప్రతి పార్టిషన్‌కూ విడివిడిగా ఇవ్వాలి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆ మూడు వరుసలూ సున్నాలుగానే ఉన్న డిస్క్‌ను మాత్రం ఇచ్చేయకపోవడమే మేలు. ఓ ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కు వాడుకోండి. ల్యాప్‌టాప్ డిస్క్ అయితే యూఎస్‌బీ కరెంటు సరిపోతుంది, డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల దానికి 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే ఎన్‌క్లోజర్ అడగాలి. క్లోన్ చేసిన ఎస్ఎస్‌డీ రెండు వారాలు చిక్కు లేకుండా నడిచేదాకా మాత్రం ఆ పాత డిస్క్‌లో ఏమీ చెరపకండి.