గ్లైడర్ రెక్కల మరమ్మతు: మన దగ్గర వినిపించే అపోహలు, అసలు సంగతులు

మాది కర్నూలు. నా పని ఫైబర్ గ్లైడర్ల రెక్కలు బాగుచేయడం. ఇంజిన్ లేకుండా, నేల వేడెక్కి పైకి లేచే గాలి ఆసరాతో ఎగిరే విమానాలివి. ఏడాదిలో ఎక్కువ కాలం బయటి రాష్ట్రాల్లో, క్లబ్బుల షెడ్లలోనే గడుస్తుంది. ఊరికొస్తే మాత్రం కర్నూలు, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు తాము చేసుకున్న రిమోట్ గ్లైడర్లు పట్టుకుని ఇంటికొస్తారు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ ఆసక్తి ఇంకా పెరిగింది. వాళ్ల మోడల్ రెక్క మూడు నాలుగు మీటర్లుంటుంది. నేను పనిచేసే ఏఎస్‌కే-21 లాంటి రెండు సీట్ల గ్లైడర్ రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 17 మీటర్లు. సైజులో ఇంత తేడా ఉన్నా, అపోహలు మాత్రం రెండు చోట్లా అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: "ఫైబరే కదన్నా, బస్సు బంపర్లు చేసే మేస్త్రీకి ఇస్తే సాయంత్రానికి చేసిచ్చేస్తాడు"

ఆ మేస్త్రీల చేతి పనంటే నాకు చాలా గౌరవం. గాలి బుడగ మిగలకుండా రెజిన్‌తో, అంటే గట్టిపడి పీచును పట్టి ఉంచే జిగురుతో, గాజు పీచును తడపడం వాళ్లకు వచ్చినంత బాగా, కోర్సులు చదివి వచ్చినవాళ్లలో చాలామందికి రాదు. తేడా చేతిలో లేదు, సరుకులో ఉంది. బంపర్లకు, నీళ్ల ట్యాంకులకు వాడేది పాలియెస్టర్ రెజిన్, ముక్కలు ముక్కలుగా కత్తిరించిన గాజు పీచు పరిచిన మ్యాట్. గ్లైడర్ రెక్కకు వాడేది ఎపాక్సీ రెజిన్, నేసిన గాజు బట్ట. ఒకసారి గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు. అతికినట్టే కనబడుతుంది, బరువు పడ్డప్పుడు పొరలాగా లేచి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, దారాల దిశ. ధర్మవరం, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పెరిగినవాళ్లకు పడుగు, పేక అంటే వివరించక్కర్లేదు. గాజు బట్టకూ అవే ఉంటాయి. దారం పొడవునా లాగితే బట్ట సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది, దాంతోపాటు మెలి కూడా తిరుగుతుంది. వంగే బరువును రెక్క లోపల పొడవునా ఉండే దూలం మోస్తుంది. దాన్ని స్పార్ అంటాం, అందులో పీచు అంతా రెక్క పొడవునే సాగి ఉంటుంది. మెలి తిప్పే బలాన్ని పై చర్మం ఆపుతుంది. ఆ బలం ఐమూలగా లాగుతుంది కాబట్టి చర్మంలో బట్టను 45 డిగ్రీల కోణంలో వేస్తారు. మరమ్మతులో అదే బట్టను నిలువుగా వేశారనుకోండి, పొరల సంఖ్య సరిపోయినా, బరువు సరిపోయినా, మెలిని ఆపే బలం చాలావరకు పోయినట్టే. పైన రంగు పడ్డాక ఆ తప్పు ఎవరికీ కనబడదు.

అపోహ: "చిన్న పగులే, లప్పం పెట్టి రుద్ది పెయింట్ కొడితే చాలు"

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. లప్పం ఆకారాన్ని సరిచేస్తుంది, బలాన్ని తిరిగి తేదు.

ముందు పగులు ఎక్కడిదో తేల్చాలి. గ్లైడర్ పైన తెల్లగా మెరిసే పొర జెల్‌కోట్. ఎండకు, వయసుకు అందులో సన్నటి గీతలు వస్తాయి. పగులు అక్కడికే ఆగిందా, కింద గాజు బట్టలోకి దిగిందా అన్నది పైనుంచి చూసి చెప్పలేం. ఆ చోట జెల్‌కోట్‌ను జాగ్రత్తగా రుద్ది తీసేస్తే బట్ట కనబడుతుంది. బాగున్న బట్ట రెజిన్ పీల్చుకుని పారదర్శకంగా ఉంటుంది. దెబ్బతిన్నచోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ తెల్లదనం ఆగేదాకా దెబ్బ ఉన్నట్టే.

బట్ట తెగితే అంచులను ఏటవాలుగా రుద్దాలి, దీన్ని స్కార్ఫ్ అంటారు. గాజు బట్టకు సాధారణంగా 1:50 వాలు తీసుకుంటాం. కచ్చితమైన సంఖ్య ఆ గ్లైడర్ తయారీదారు ఇచ్చిన మరమ్మతు పుస్తకంలో ఉంటుంది, అదే చివరి మాట. 1:50 అంటే, పొర మందం అర మిల్లీమీటరు ఉంటే వాలు చుట్టూ 25 మిల్లీమీటర్లు సాగాలి. రూపాయి బిళ్లంత రంధ్రానికి అరచేయంత చోట రుద్దాల్సి వస్తుంది. "అన్నా, చిన్న చిల్లును ఇంత పెద్దది చేశావేంది" అని పిల్లలు గాబరా పడతారు. పాత దారం మోస్తున్న బరువు కొత్త దారానికి అందాలంటే మధ్యలో రెజిన్ ద్వారానే వెళ్లాలి. రెజిన్ ఒక్కటే బలహీనం కాబట్టి ఆ బరువును వెడల్పైన చోట పంచాలి. వాలు నిటారుగా ఉంటే బరువంతా ఒక గీత మీద పడి అతుకు అక్కడే విడిపోతుంది.

చెక్క గ్లైడర్లకూ సూత్రం ఇదే. 1961లో మొదటిసారి ఎగిరిన, మన దేశంలో తయారైన రోహిణి గ్లైడర్ చెక్కతో చేసిందే. ప్లైవుడ్ అతుక్కి 1:12 వాలు వాడతారు. పాత చెక్క గ్లైడర్లలో కేసిన్ (పాల నుంచి తీసే) జిగురు ఉంటే మాత్రం తేమ మీద కన్నేయాలి, ఆ జిగురుకు బూజు పట్టి అతుకు వదిలేస్తుంది. మన పొడి వాతావరణం ఈ ఒక్క విషయంలో మేలే.

అపోహ: "రెండు పొరలు ఎక్కువేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది"

ఉండదు. ఒకచోట మరీ బిర్రుగా ఉండి పక్కన మామూలుగా ఉంటే, రెక్క వంగినప్పుడు బలమంతా ఆ రెండూ కలిసే అంచు దగ్గర పోగవుతుంది. తర్వాతి పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఎన్ని పొరలుండేవో అన్నే, ఏ దిశలో ఉండేవో ఆ దిశలోనే వేయాలి.

ఐలరాన్ (రెక్క వెనక అంచున కీలు మీద కదులుతూ గ్లైడర్‌ను పక్కకు వాల్చే పలక) లాంటి కదిలే భాగాల్లో ఇది ప్రాణాల మీదకు వచ్చే సంగతి. వాటి బరువు, కీలు వెనక ఆ బరువు పడే తీరు తయారీదారు చెప్పిన హద్దులో ఉండాలి. కీలు వెనక బరువు పెరిగితే ఒక వేగం దాటాక ఐలరాన్, రెక్క కలిసి దడదడా కొట్టుకోవడం మొదలవుతుంది. దాన్ని ఫ్లట్టర్ అంటారు. అది మొదలైతే కొన్ని సెకన్లలోనే రెక్క విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఐలరాన్‌కు ఒక్క కోటు పెయింట్ కొట్టినా తీసి తూకం వేసి, సమతూకం లెక్క రాసిన తర్వాతే తిరిగి బిగించాలి. మోడల్ గ్లైడర్లు చేసే పిల్లలు కూడా ఈ అలవాటు ఇప్పటినుంచే చేసుకోవాలని నా కోరిక. అందమైన స్టిక్కర్లు ఐలరాన్ల మీద మాత్రం వద్దు.

అపోహ: "మన ఎండకు రెజిన్ గంటలో రాయి అవుతుంది, ఇంక వేడి చేయడం ఎందుకు"

ఇది రాయలసీమలో పనిచేసేవాళ్ల ప్రత్యేకమైన అపోహ కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రెజిన్ చేతిలో ఉండే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలు షెడ్డులో కప్పు నిండా కలిపితే, బట్ట తడిపేలోపే కప్పులోనే కాగిపోయి పొగ రావచ్చు. అందుకే వేసవిలో నేను తెల్లవారుజామున కలుపుతాను, కొద్దికొద్దిగా కలుపుతాను, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోస్తాను. రెజిన్‌లో కలిపే గట్టిమందును హార్డెనర్ అంటాం, అందులో నిదానంగా పనిచేసేది ఎంచుకుంటాను. హార్డెనర్ పాళ్లు మాత్రం మార్చను. పాలియెస్టర్‌కు అలవాటైనవాళ్లు "తొందరగా కావాలంటే గట్టిమందు ఎక్కువ పోయి" అంటారు. ఎపాక్సీలో అది కుదరదు. గ్లైడర్లలో బాగా వాడే ఎల్-285 రెజిన్‌కు తూకంలో 100 పాళ్లకు 40 పాళ్ల హార్డెనర్. ఎక్కువైనా తక్కువైనా మిగిలిపోయిన భాగం లోపల జిగటగానే ఉండిపోతుంది. కంటికొలత పనికిరాదు, గ్రాముల త్రాసు కావాలి.

ఇక గట్టిపడటం వేరు, పూర్తిగా పండటం వేరు. మామూలు వేడిలో గట్టిపడ్డ ఎపాక్సీ, మళ్లీ ఆ వేడిని కాస్త దాటితే మెత్తబడుతుంది. దాన్ని నిలకడగా 50-55 డిగ్రీల దగ్గర 15 గంటల వరకు ఉంచితేనే వేడిని తట్టుకునే గుణం వస్తుంది. దుప్పట్లతో గుడారం కట్టి, వేడిగాలి యంత్రం పెట్టి, రెక్క మీద రెండు మూడు చోట్ల థర్మామీటర్లు అంటించి గంటగంటకూ రాసుకోవాలి. ఎండలో పెడితే సరిపోదు. పైన కాలి కింద చల్లగా ఉంటుంది, మబ్బు వస్తే పడిపోతుంది, రాత్రి ఆగిపోతుంది.

ఫైబర్ గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగానే ఎందుకుంటాయో కూడా ఇందులోనే ఉంది. చాలా రకాలకు నిర్మాణం వేడి 54 డిగ్రీలు దాటకూడదన్న లెక్క మీద అనుమతి ఇచ్చారు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి ఆ హద్దులో ఉంటుంది. ముదురు రంగు వేస్తే మన మే నెల ఎండలో ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. క్లబ్బు రంగులంటూ రెక్క మొత్తం నీలమో ఎరుపో కొట్టించాలని అడిగేవాళ్లకు నేను ఒప్పుకోను. పుస్తకంలో అనుమతించిన కొనల దగ్గర మాత్రమే రంగు.

ఒక మంచి వార్త కూడా ఉంది. పాలిష్ పట్టిన కడప బండ మన దగ్గర చవకగా దొరుకుతుంది. మైనం బాగా పట్టించి దాని మీద నమూనా పొరలు వేస్తే అద్దంలా చదునుగా వస్తాయి. అసలు మరమ్మతుతోపాటు అదే రెజిన్‌తో, అదే రోజు ఒక నమూనా ముక్క వేసి పక్కన పెట్టండి. రెక్కను గీకి చూడలేం, నమూనాను విరిచి చూడవచ్చు.

అపోహ: "బయటికేం కనబడలేదు, కాబట్టి దెబ్బ తగల్లేదు"

ఫైబర్ వంగి తిరిగి యథాస్థానానికి వచ్చేస్తుంది. చర్మం పొరల మధ్య ఉండే ఫోమ్ నలిగి వాటి నుంచి విడిపోయినా పైన నున్నగానే ఉంటుంది. నాణెంతో మెల్లగా తడుతూ పోతే బాగున్నచోట టంగుమని, విడిపోయినచోట బోలుగా చప్పుడొస్తుంది. గట్టిగా దిగిన తర్వాత రెక్క కొన పట్టుకుని ఊపి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టి, పాత లెక్కతో పోలుస్తాం. ఊపు నెమ్మదిస్తే లోపల ఏదో సడలిందని అర్థం.

దెబ్బ తగిలిన చోటే వెతకడం కూడా పొరపాటు. గ్లైడర్ పొలంలో దిగేటప్పుడు ఒక రెక్క కొన ఎత్తైన జొన్నలో చిక్కుకుంటే మొత్తం గిర్రున తిరుగుతుంది. అప్పుడు రెక్క కొన మీద గీత మాత్రమే ఉండొచ్చు. అసలు పగులు తోక గొట్టంలో, తోక బిగించే చోట ఉంటుంది. కోసిన శనగ చేనులో అయితే రెక్కకు తగులుకునేదేమీ ఉండదు.

అపోహ: "క్లబ్బు విమానం కదా, ఎవరో ఒకరు చూసుకుంటారు"

ఒక క్లబ్బులో రెండు సీట్ల గ్లైడర్‌ను షెడ్డులోకి తోసేటప్పుడు రెక్క వెనక అంచు తలుపుకు తగిలింది. తోసినవాళ్లు ముగ్గురు. ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరిలో ఎవరో గ్లైడర్ లాగ్ పుస్తకంలో రాస్తారనుకున్నారు. తర్వాతి వారాంతం అంతా అది ఎగిరింది. నా దగ్గరకు వచ్చేసరికి పగులు ఐలరాన్ కీలు దాకా పాకింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ మొదటి రోజే రాసి ఉంటే సగం రోజు పని.

రాయకపోవడానికి బద్ధకం కారణం కాదని నా అనుభవం. భయం కారణం. చెబితే తిడతారని, ఎగరనివ్వరని, ఖర్చు తన నెత్తిన పడుతుందని కొత్త కుర్రాడు మౌనంగా ఉంటాడు. కాబట్టి పెద్దవాళ్లు ఇది చేయాలి: దెబ్బ గురించి చెప్పినవాడికి అందరి ముందూ కృతజ్ఞత చెప్పాలి, మరమ్మతు ఖర్చు క్లబ్బు ఉమ్మడి నిధి నుంచే పోవాలి. దాచినవాడితో మాత్రం గట్టిగా మాట్లాడాలి. ఉదయం ఒకరు తనిఖీ చేసి సంతకం పెట్టారని తర్వాతి పైలట్ చుట్టూ తిరిగి చూడటం మానేయకూడదు. విడదీసి తిరిగి బిగించినప్పుడు ఒకరు ఐలరాన్‌ను చేత్తో గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు లోపల పైలట్ నడిపే కర్ర కదిపి చూడాలి. ఊరికే కదులుతోందా లేదా చూస్తే సరిపోదు. సరిగ్గా తగిలించని లంకె కూడా బరువు లేనప్పుడు చక్కగానే కదులుతుంది.

నేల మీద జాగ్రత్తల గురించి కొద్దిగా. తోసేటప్పుడు రెక్క మొదట్లో ముందు అంచు దగ్గర తోయాలి, వెనక అంచును, ఐలరాన్లను ముట్టకూడదు. మార్చి నుంచి మే దాకా అనంతపురం వైపు సుడిగాలులు ఏ హెచ్చరికా లేకుండా వస్తాయి. బయట నిలిపిన గ్లైడర్‌ను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. గాలి వచ్చే వైపు రెక్క కొనను కిందికి దించి, దాని మీద పాత టైరో ఇసుక సంచో పెట్టాలి. పైలట్ సీటు మీదుండే అద్దాల మూతను ఎండలో తెరిచి వదిలితే భూతద్దంలా పనిచేసి సీటును కాల్చేస్తుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవొద్దు, మన ఎర్ర దుమ్ము గీతలు పెడుతుంది. ముందు నీళ్లు ధారాళంగా పోసి, తర్వాత మెత్తటి నూలుగుడ్డ. పెట్రోలు, థిన్నర్ దాని దరిదాపులకు రానివ్వకూడదు.

అపోహ: "ఒకసారి విరిగి అతికిన రెక్కను ఇక నమ్మలేం"

పద్ధతిగా చేసిన మరమ్మతు రెక్కకు దాని అసలు బలాన్ని తిరిగిస్తుంది. అలాంటి రెక్కలతో ఏళ్ల తరబడి ఎగురుతున్న గ్లైడర్లు చాలా ఉన్నాయి. నమ్మాలా వద్దా అన్నది కాగితాలు చెబుతాయి. ఏ చోట ఎంత మేర తీశారు, ఏ బట్ట ఎన్ని పొరలు ఏ కోణంలో వేశారు, రెజిన్ డబ్బా బ్యాచ్ నంబరెంత, వేడి చేసిన గంటల పట్టిక, తర్వాత తీసిన తూకం, పని చూసి సంతకం చేసిన లైసెన్సున్న ఇంజనీరు పేరు. స్పార్‌కు దెబ్బ తగిలిన సందర్భమైతే తయారీదారు పంపిన మరమ్మతు పథకం కూడా ఉండాలి, అక్కడ మన తెలివి వాడకూడదు. ఇవన్నీ ఉంటే ఆ రెక్క కింద నేను కూర్చుంటాను. లేకపోతే రంగు ఎంత మెరిసినా ఆ చోట జెల్‌కోట్ తీసి మళ్లీ మొదటి నుంచి చూస్తాను.