స్టెల్త్ ట్యాంకుకి మైనస్ రెండు: అపోహలు, వాస్తవాలు

ఆధునిక ట్యాంకులతో మినియేచర్ వార్‌గేమ్ (టేబుల్ మీద చిన్న బొమ్మలు, పాచికలతో ఆడే యుద్ధం ఆట) రూల్స్ రాసుకుని నాకు చూపించేవాళ్ల డ్రాఫ్టుల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "స్టెల్త్ ట్యాంకు మీద కాల్చేవాళ్లకి టు-హిట్‌లో −2." అంటే శత్రువు కంటపడకుండా తయారుచేసిన ట్యాంకుని కొట్టేందుకు వేసే పాచిక అంకెలోంచి రెండు తీసేయాలి. గేమ్ మొత్తాన్ని పాడుచేసేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: స్టెల్త్ ఉన్న ట్యాంకుకి గుండు తగలడం కష్టం.

వాస్తవం: స్టెల్త్ చేసే పని శత్రువు కంటపడటాన్ని ఆలస్యం చేయడం, అంతే. కంటపడ్డాక దెబ్బ తప్పించే శక్తి దానికి లేదు. లెక్క చూడండి. మామూలు పాచికలో 3+ కి (మూడు గానీ పైన గానీ పడితే) తగిలే షాట్‌కి ఆరింట నాలుగు అవకాశాలు. −2 వేస్తే 5+ కావాలి, ఆరింట రెండే. అంటే పట్టపగలు, రెండు వందల మీటర్ల దూరంలో, బయలు నేల మీద నిలబడ్డ బండి కూడా రెట్టింపు షాట్లకి తట్టుకుంటుంది. పొంచి ఉండాల్సిన ట్యాంకుని మీ రూలే రొమ్ము విరుచుకుని ముందుకు తోలమంటోంది!

ఆ మైనస్ ఉండాల్సింది స్పాటింగ్ రోల్‌లో, అంటే శత్రువుని కనిపెట్టేందుకు వేసే పాచికలో. కనిపెట్టే దూరాన్నే తగ్గిస్తే ఇంకా మంచిది. బండి కదిలితే దుమ్ము, ఇంజన్ వేడి. కాల్చితే మెరుపు, పొగ. ఆ టర్న్‌కి స్టెల్త్ కొట్టేయండి.

ఎవరు చూస్తున్నారన్నదీ లెక్కలోకి రావాలి. 1991 ఫిబ్రవరి 26న గల్ఫ్ యుద్ధంలో, ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే ట్యాంకుల పోరు ఇసుక గాలిలో జరిగింది. కంటికి దూరం ఆనలేదు. అమెరికా ఎం1ఏ1 ట్యాంకులకి థర్మల్ సైట్లు (వేడిని బట్టి చూపించే గురి పరికరాలు) ఉన్నాయి, ఇరాక్ టీ-72లకి లేవు. గన్, కవచం, శిక్షణ అన్నీ పనిచేసినా, ముందు చూసినవాడిదే పైచేయి అయింది. అక్కడ స్టెల్త్ ట్యాంకు ఒక్కటీ లేదు.

ఆయుధాల కంపెనీ బీఏఈ సిస్టమ్స్ 2011లో సీవీ90 అనే కవచ వాహనం మీద చూపిన అడాప్టివ్ అనే పలకలు వేడెక్కుతూ చల్లబడుతూ థర్మల్ సైట్‌లో బండిని కారులా చూపించగలవు. అక్కడేదో ఉందని తెలుస్తుంది, ట్యాంకని తెలియదు. అందుకే నా రూల్స్‌లో స్పాటింగ్‌కి రెండు మెట్లు పెట్టాను: 'ఏదో ఉంది', 'ట్యాంకే'. రెండో మెట్టు దాటేదాకా టేబుల్ మీద మోడల్ పెట్టం, మార్కర్లే; వాటిలో కొన్ని ఖాళీవి. ఇలా ఆడించిన కొత్తలో ఒక కుర్రాడు ప్లటూన్ మొత్తాన్నీ ఖాళీ మార్కర్ వైపు తిప్పి కూర్చున్నాడు. అసలు ట్యాంకు చెట్లలోంచి వచ్చి పక్క కవచం మీద కొట్టింది. "అన్నా, ఇంకో గేమ్ వేద్దాం" అన్నాడు వెంటనే. ఆ ఉత్సాహం −2తో రావడం నేనెప్పుడూ చూడలేదు.

అపోహ: పోలండ్ చూపిన పీఎల్-01 ట్యాంకుతో స్టెల్త్ ట్యాంకులు సైన్యంలోకి వచ్చేశాయి.

రాలేదు. 2013లో పోలండ్‌లోని కీల్సే ప్రదర్శనలో పెట్టింది నమూనా మాత్రమే. 'కనిపించని ట్యాంకు' అంటూ వీడియోలు చేసేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరు? కల్పిత సినారియోలో నిక్షేపంగా వాడుకోండి, చరిత్ర అని మాత్రం రాయకండి.

అపోహ: దాక్కోవడానికి ట్యాంకు ఎత్తు తక్కువైతే చాలు.

ఎం1 గన్ 10 డిగ్రీలు కిందికి వంగుతుంది, టీ-72ది సుమారు 6. గట్టు చాటు నుంచి కాల్చాలంటే పొట్టి టీ-72 ఒళ్లు ఎక్కువ బయటపెట్టాల్సి రావచ్చు. మోడల్ వెనక వంగి చూసి దీన్ని తేల్చలేరు. 1:285 స్కేల్లో ఏడు మీటర్ల హల్ (ట్యాంకు ఒళ్లు) రెండున్నర సెంటీమీటర్లు. నేల స్కేలు, అంటే టేబుల్ మీది దూరం, సెంటీమీటరుకి 25 మీటర్లైతే ఆ బొమ్మ అరవై మీటర్ల పైన ఆక్రమించేస్తుంది. హల్-డౌన్‌ని (హల్ గట్టు చాటున దాగి టరెట్ మాత్రం పైకి కనబడటాన్ని) కంటితో కాకుండా రూల్‌తో నిర్ణయించండి.

"రహస్య డేటా లేకుండా ఎలా రాయాలి?" అని దిగులుపడి అడిగేవాళ్లున్నారు. కంగారు పడకండి. టేబుల్ మీద కావాల్సింది ఎవరు ఎవరి కంటే ముందు చూస్తారన్న వరస, అది ఎప్పుడు తారుమారవుతుందన్న అవగాహన. తెల్లవారుజామున, సంధ్యవేళ బండి వేడి, నేల వేడి దగ్గరపడి థర్మల్ మసకబారుతుంది. ఆ టర్న్‌లకి ఒక మైనస్ చాలు. మామూలు పొగ థర్మల్‌ని పెద్దగా ఆపదు. థర్మల్‌ని కూడా అడ్డుకునే పొగకి టేబుల్ మీద గుర్తుగా వేరే రంగు దూది పెట్టుకోండి.