డబ్బాలో ఖాళీ, ఫ్రిజ్‌లో ఖాళీ

సంక్రాంతికి పది రోజుల ముందు గుంటూరు ఇళ్ళలో బూజులు దులపడం మొదలవుతుంది. ఆ సందడిలో వంటింటి అలమరల వంతు చివరికి గానీ రాదు. వచ్చినా డబ్బాలు తుడిచి, అడుగున కాగితాలు మార్చి, ఉన్నవాటిని ఉన్నచోటనే మళ్ళీ పేర్చేస్తాము. నా దృష్టిలో అసలు పని అక్కడే మిగిలిపోతుంది. సరుకు పాడవడానికి కారణం బయటి దుమ్ము కాదు. గాలి, వెలుతురు, తేమ, వేడి. కాబట్టి వంటిల్లు సర్దడమంటే ముందుగా ఎక్కడ ఎంత ఖాళీ ఉండాలో తేల్చుకోవడం.

కారం జాడీతో మొదలుపెడదాము. మన గుంటూరు మిర్చి యార్డుకు కొత్త మిరపకాయ ప్రధానంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. ఏడాదికి సరిపడా కారం అప్పుడే పట్టించుకునే ఇళ్ళలో సంక్రాంతి నాటికి మిగిలేది తొమ్మిది, పది నెలల పాత కారం. మిరపకు ఎరుపునిచ్చేది కాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్. కర్బన పరమాణువుల మధ్య ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తరువాత ఒకటిగా సాగే పొడవైన గొలుసు దాని అణువులో ఉంటుంది. ఆ గొలుసు నీలి, ఆకుపచ్చ కాంతిని పీల్చుకోవడం వల్లనే మన కంటికి ఎరుపు మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ జంట బంధాల మీద దాడి చేసి గొలుసును తెంపుతుంది, వెలుతురు, వేడి ఆ పనిని వేగిరపరుస్తాయి. మంటపుట్టించే కాప్సాయిసిన్ మాత్రం వేరే అణువు, దానికంటే గట్టిది. అందుకే వెలిసిపోయిన కారంలోనూ ఘాటు చాలావరకు నిలిచే ఉంటుంది, రంగు కోసమని మరో చెంచా వేస్తే కూర ఎర్రబడకుండానే నోరు మండిపోతుంది.

10 లీటర్ల జాడీలో 2 లీటర్ల కారం మిగిలిందనుకుందాము. పైనున్న 8 లీటర్ల గాలిలో దాదాపు ఐదో వంతు, అంటే సుమారు 1.6 లీటర్లు, ఆక్సిజనే. మూత తీసిన ప్రతిసారీ అది కొత్తగా నిండుతుంది. పండుగ ముందు ఆ కారాన్ని నిండుగా పట్టే చిన్న స్టీలు డబ్బాలోకి మార్చి, అదిమి, మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టడం కంటే మేలైన పని లేదు. పింగాణీ జాడీకి వాసెన కట్టిన మన పెద్దవాళ్ళు వెలుతురును పూర్తిగా, గాలిని కొంతవరకు అడ్డుకున్నారు. నేడు అందంగా ఉంటాయని పొయ్యి పైనున్న అరలో గాజు సీసాలు వరుసగా నిలబెట్టడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వెలుతురు, వేడి, ఆవిరి మూడూ కలిసి తగిలే చోటు వంటింట్లో అదొక్కటే.

బియ్యం సంగతి ఇంకొక రకం. పండుగకు అరిసెల కోసం కొత్త బియ్యం వస్తాయి, వాటిని తొందరలో పాత బియ్యం మీదనే పోసేస్తాము. ముక్కు పురుగు ఆడది గింజకు తొలిచిన రంధ్రంలో గుడ్డు పెట్టి, జిగురులాంటి పదార్థంతో దాన్ని మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరిగి, మన వేడిలో సుమారు నెల రోజులకు బయటపడుతుంది. అంటే పైకి శుభ్రంగా కనిపించే పాత బియ్యంలోనూ అది దాగి ఉండవచ్చు. సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చలి ఉంటేనే దాని ఎదుగుదల ఆగుతుంది. జనవరిలో కూడా మన ఇళ్ళ లోపల అంత చలి ఉండదు. అందువల్ల డబ్బాను పూర్తిగా ఖాళీ చేసి, మూలల్లో మిగిలిన నూకను, పిండిని దులిపి, కడిగి ఎండబెట్టిన తరువాతే కొత్త బియ్యం పోయాలి. బియ్యాన్ని తీవ్రమైన ఎండలో పోస్తే గింజ పగుళ్ళిచ్చి నూక అవుతుంది, నీడన ఆరబోయడం మంచిది. పప్పులను ఎండబెట్టవచ్చు గానీ, వేడి మీదనే మూత పెడితే రాత్రి చల్లబడినప్పుడు లోపలి ఆవిరి మూతకు నీటి చుక్కలై పప్పు మీద పడుతుంది, పూర్తిగా చల్లారనివ్వాలి.

బూజు పట్టిన వేరుశనగ గుళ్ళను, మిరపకాయలను కడిగి వాడుకుందామనుకోవద్దు. వాటిలో ఉండగల అఫ్లటాక్సిన్ అనే విషం కడిగినా, వేయించినా పూర్తిగా పోదు.

ఫ్రిజ్‌లో లెక్క తలకిందులవుతుంది. డబ్బాలో ఖాళీ చేటు చేస్తే, ఇక్కడ ఖాళీయే పని చేస్తుంది, ఎందుకంటే చల్లదనాన్ని గిన్నె గిన్నెకూ మోసుకెళ్ళేది గిన్నెల మధ్య కదిలే గాలి. భోగికి ముందే పాత పచ్చళ్ళ సీసాలు, ఎండిన అల్లం, ఎప్పటివో తెలియని పొట్లాలు తీసేస్తే లోపలి వేడి 5 డిగ్రీల లోపు నిలుస్తుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తుతాయి. లోతైన గిన్నెలో అన్నం నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, కాబట్టి మిగిలిన అన్నాన్ని పళ్ళెంలో పలుచగా పరచి, చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. పులిహోర కాస్త ఎక్కువ సేపు నిలవడానికి చింతపండు పులుపే కారణం, ఆమ్లం ఉన్నచోట ఆ బాక్టీరియా సులభంగా పెరగలేదు.

వంటగట్టు విషయానికి వస్తే, 1926లో మార్గరెటే ష్యుటే లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు గుర్తొస్తుంది. ఎక్కువ నడక లేకుండా పని జరిగేలా అమర్చిన ఆ చిన్న గదిలో పప్పు, బియ్యం, చక్కెరలకు పేర్లు రాసిన అల్యూమినియం డబ్బాలు ఉండేవి. అరిసెల పాకం ముదిరే ఆ కొద్ది క్షణాల్లో పిండి ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు కనుక, పిండి, నువ్వులు, నెయ్యి చేయి చాపితే అందేలా పెట్టుకుని, మిక్సీ, టిఫిన్ డబ్బాలు, పాత సీసాలను పండుగ మూడు రోజులూ గట్టు మీద నుంచి తీసేయాలి.

ఖాళీ అయిన పెద్ద కారం జాడీని మాత్రం కడిగి, ఎండకు పూర్తిగా ఆరబెట్టి, అటక మీద బోర్లించి ఉంచవచ్చు. యార్డుకు కొత్త కాయ వచ్చేదాకా దానితో పని లేదు.