డైనో కాగితం మీది నంబరుకూ రోడ్డు మీది పికప్‌కూ సంబంధం ఎంత?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ఎంత పవర్ వాడుతుందో లెక్కేసి చెబితే చాలామంది నమ్మరు. బండీ మనిషీ కలిపి 280 కిలోలనుకుందాం. ఆ వేగంలో ఎదురుగాలి నిరోధం సుమారు 100 న్యూటన్లు, టైర్లు దొర్లడానికి పోయేది ఇంకో 50. ఈ 150 న్యూటన్లను సెకనుకు 16.7 మీటర్ల వేగంతో గుణిస్తే 2.5 కిలోవాట్లు వస్తుంది. అంటే మూడున్నర హార్స్‌పవర్ కూడా లేదు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 100 కిలోమీటర్ల వేగానికి కావలసిన పవర్ 12 హార్స్‌పవర్ దాకా చేరుతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650నే తీసుకోండి. 2018లో మార్కెట్లోకి వచ్చినప్పుడు కంపెనీ ప్రకటించిన పవర్ 7,250 ఆర్‌పీఎం దగ్గర 47 హార్స్‌పవర్. ఊళ్లో నిలకడగా పోయేటప్పుడు అందులో పదో వంతు కూడా వాడం. డైనో అంటే బండి పవర్‌ను కొలిచే యంత్రం. ఆ సెంటర్లో చేతికిచ్చే కాగితం మీద ఉండేది మాత్రం థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టినప్పటి గీత. రోజూ ఆఫీసుకు పోయే బండికి ట్యూనింగ్, అంటే ఇంజిన్‌కు అందే ఇంధనాన్ని సరిచేయడం, మేలు చేయగలదు, కానీ ఆ మేలు ఈ గీత మీద దాదాపు కనిపించదు.

డైనో పనితీరు సులువే. ఇనర్షియా డైనోలో వెనక చక్రం కింద వందల కిలోల ఉక్కు డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ము జడత్వం ముందే తెలుసు, అది ఎంత త్వరగా వేగం పుంజుకుంటుందో సెన్సర్ కొలుస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే టార్క్ (తిప్పే బలం), టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు. కొలిచేది చక్రం దగ్గర కాబట్టి గేర్‌బాక్సు, చైన్, టైరు తినేసే 10-15 శాతం అప్పటికే పోయి ఉంటుంది. 47 అని చదివిన బండి డైనో మీద 41 చూపిస్తే ఇంజిన్‌లో లోపమేమీ లేదు.

ఇనర్షియా డైనోతో ఒక చిక్కుంది. పరుగంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది, థ్రాటిల్‌ను 10 శాతం దగ్గర పట్టి 3,500 ఆర్‌పీఎంలో బండిని నిలబెట్టడం దాంతో కుదరదు. అందుకు ఎడ్డీ కరెంట్ బ్రేకు (అయస్కాంత బలంతో పట్టే బ్రేకు) ఉన్న డైనో కావాలి. ఆ బ్రేకు డ్రమ్మును కావలసినంత బలంతో పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంజిన్‌ను ఒకే ఆర్‌పీఎం, ఒకే లోడ్ దగ్గర నిలబెట్టి ఇంధనం సరిచేయవచ్చు. రోజువారీ బండికి ట్యూనింగ్ చేయించాలనుకుంటే సెంటర్లో ముందుగా అడగాల్సింది ఇదే: లోడ్ బ్రేకు ఉందా, లేదా?

ఇక కాగితం మీది నంబరు. గాలి పలచబడితే పవర్ తగ్గుతుంది. అందుకే కొలతను ఒక ప్రామాణిక వాతావరణానికి మారుస్తారు. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన జే1349 పద్ధతిలో అది 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలి పీడనం. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ పీడనం 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. తేమ తీసేస్తే 935 అనుకోండి. గది ఉష్ణోగ్రత 38 డిగ్రీలైతే సవరణ గుణకం 1.096 వస్తుంది. డ్రమ్ము నిజంగా కొలిచింది 38 హార్స్‌పవర్ అయితే కాగితం మీద 41.6 పడుతుంది. ఇంతవరకూ న్యాయమే. కానీ ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఇంజిన్ పక్కన వేలాడదీసి అది 55 డిగ్రీలు చదివిందనుకోండి, గుణకం 1.13 అవుతుంది, అవే 38 కాస్తా 43గా అచ్చవుతాయి. స్క్రూ ఒక్కటి తిప్పకుండానే ఒకటిన్నర దాకా హార్స్‌పవర్ పెరిగిపోయిందన్నమాట! ఎస్ఏఈకి బదులు ఎస్‌టీడీ అనే పాత సవరణ ఎంచుకుంటే ఇంకో 4 శాతం దాకా కలుస్తుంది. ముందు, తర్వాత తీసిన రెండు కాగితాల మీదా సవరణ పద్ధతి, ఉష్ణోగ్రత, పీడనం ఒకేలా ఉన్నాయో లేదో చూడకుండా పెరిగిన పవర్ గురించి మాట్లాడటం దండగ. బండిని కట్టిన పట్టీల బిగువు, టైరులో గాలి, ఇంజిన్ ఆయిల్ వేడి కూడా రీడింగును మారుస్తాయి. వరసగా మూడు పరుగులు తీస్తే వాటి మధ్య తేడా ఒకటి రెండు శాతం దాటకూడదు. దాటితే మూడు శాతం లాభం అన్న మాటకు అర్థమే లేదు.

అసలు పని ఫ్యూయల్ మ్యాప్‌లో జరుగుతుంది. అదొక పట్టిక. ఒక వైపు ఆర్‌పీఎం, సాధారణంగా 250 చొప్పున మెట్లు. రెండో వైపు థ్రాటిల్ తెరిచిన శాతం: 0, 2, 5, 10, 20, 40 అలా 100 దాకా. ప్రతి గడిలో ఎంత పెట్రోలు చిమ్మాలో రాసి ఉంటుంది. కాలుష్య పరీక్షలో నెగ్గాలి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలి కాబట్టి కంపెనీ నిలకడ వేగాల దగ్గర గాలి-పెట్రోలు మిశ్రమాన్ని లాంబ్డా 1 చుట్టూ ఉంచుతుంది. అంటే శుద్ధ పెట్రోలు 1 కిలోకు గాలి 14.7 కిలోలు. లాంబ్డా 1 కంటే తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు, పెరిగితే మిశ్రమం పలచబడినట్టు. గరిష్ఠ పవర్ వచ్చేది లాంబ్డా 0.87-0.9 దగ్గర. ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీ మ్యాప్ అప్పటికే ఆ దరిదాపుల్లో ఉంటుంది. ఏమీ మార్చని బండికి డైనో మీద 2 నుంచి 5 శాతం కంటే ఎక్కువ దొరకకపోవడానికి కారణం ఇదే.

నడిపేటప్పుడు మనకు తేడా తెలిసేది మాత్రం 2 శాతం, 5 శాతం థ్రాటిల్ గడుల్లో. ట్రాఫిక్‌లో థ్రాటిల్ మూసి మళ్లీ కొద్దిగా తిప్పగానే బండి ఎగిరిపడినట్టు జర్కు ఇస్తుందే, అది థ్రాటిల్ మూసినప్పుడు ఆగిన పెట్రోలు తిరిగి మొదలయ్యే చోట మిశ్రమం పలచగా ఉండటం వల్ల. ఆ గడుల్లో ఇంధనం కొన్ని శాతాలు పెంచి, ఇగ్నిషన్ అడ్వాన్స్ (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పురవ్వ వేయాలన్నది) ఒకటి రెండు డిగ్రీలు తగ్గిస్తే జర్కు బాగా తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్ గీతలో దీని ఆనవాలే ఉండదు. ఇక్కడ కొసమెలిక పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్. అది పనిచేస్తున్నంతసేపూ ఇంజిన్ కంప్యూటర్ మిశ్రమాన్ని మళ్లీ లాంబ్డా 1కి లాగేస్తుంది. మధ్యలో పిగ్గీబ్యాక్ మాడ్యూల్ (కంప్యూటర్ పంపే సంకేతాన్ని మార్చే చిన్న పెట్టె) పెట్టి పెట్రోలు పెంచితే కొన్ని రోజుల్లో కంప్యూటర్ ఆ పెంపును కాస్తా కోసేస్తుంది. "ట్యూన్ చేయించిన వారం బాగుంది, తర్వాత మామూలైపోయింది" అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే. సెన్సర్‌ను పీకేస్తే బీఎస్6 బళ్లలో వార్నింగ్ లైటు వెలుగుతుంది, మైలేజీ పడిపోతుంది.

సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చిన బండి సంగతి వేరు. గాలి ఎక్కువగా పోతోంది, మ్యాప్ పాతదే. మధ్య ఆర్‌పీఎంలో టార్క్‌కు పెద్ద గుంట పడుతుంది, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్ పటపటమంటుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. దీనికి డైనో తప్పనిసరి అనే చెప్పాలి. అయితే పొట్టి సైలెన్సర్ చివర వైడ్‌బ్యాండ్ సెన్సర్ (డైనో మీద లాంబ్డా కొలిచేది) దూరిస్తే తక్కువ ఆర్‌పీఎంలో బయటి గాలి కలిసి మిశ్రమం ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గు మసిబారుతుంది. సెన్సర్ బెండు పైపులో, కన్వర్టర్‌కు ముందే ఉండాలి. కార్బురేటర్ బళ్లకూ డైనో మేలే: పెట్రోలు వదిలే పైలట్ జెట్, నీడిల్, మెయిన్ జెట్ ఒక్కోటీ ఏ థ్రాటిల్ దగ్గర తప్పుతోందో విడివిడిగా తెలుస్తుంది.

ట్యూన్ చేసిన రోజు ట్యాంకులో ఉన్న పెట్రోలూ ముఖ్యమే. ఎథనాల్ లేని పెట్రోలుతో సరిచేసిన మ్యాప్‌కు తర్వాత బంకులో ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు) పోస్తే, సెన్సర్ సరిదిద్దని ఫుల్ థ్రాటిల్ గడుల్లో మిశ్రమం 7 శాతం దరిదాపుల్లో పలచబడుతుంది. రోజూ ఏది పోస్తారో అదే పోసి తీసుకెళ్లాలి.

డైనోకు డబ్బు పెట్టేముందు చైన్ బిగువు, థ్రాటిల్ కేబుల్ ప్లే, ట్యాపెట్ సెట్టింగ్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూసుకోండి. జర్కుకు మూలం వదులైన చైన్ కూడా కావచ్చు. పికప్ ఒక్కటే కావాలంటే ఇంకా చవకైన దారుంది. ముందు స్ప్రాకెట్ 15 పళ్ల నుంచి 14కు మార్చితే ప్రతి గేరులోనూ చక్రానికి అందే టార్క్ 7 శాతం పెరుగుతుంది. హైవే మీద ఆర్‌పీఎం కూడా అంతే పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం పెంచిన సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించారు కూడా. కంపెనీ వారంటీ ఎలాగూ ప్రశ్నార్థకమే. అన్నీ తెలిసే చేయిస్తే, కంప్యూటర్‌లోని అసలు మ్యాప్ ఫైలు కాపీ, 5 నుంచి 40 శాతం థ్రాటిల్ దగ్గర తీసిన లాంబ్డా రీడింగులు సెంటర్ నుంచి తీసుకునే బయటికి రండి.