మెమరీకి, డిస్కుకు మధ్య గీత గీసేదెవరు?

షాపింగ్ యాప్‌లో బుట్టలో వేసుకున్న సరుకులు మర్నాటికి మాయమవుతాయి. ఇలాంటి ఫిర్యాదుల వెనుక తరచూ కనిపించేది చెడిపోయిన యంత్రం కాదు. ఆ జాబితాను ఎక్కడ దాచాలో ముందే ఎవరూ తేల్చకపోవడం.

మొదట్లో ఈ చిక్కు ఇంతగా లేదు. 1950ల నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు కంప్యూటర్ మెమరీని సన్నని తీగలకు గుచ్చిన ఫెర్రైట్ వలయాలతో అల్లేవారు. వలయానికి ఒక బిట్టు, అంటే ఒక 0 లేదా 1. అది అయస్కాంతం కాబట్టి కరెంటు పోయినా అందులోని సమాచారం చెక్కుచెదరదు. 1970లో ఇంటెల్ తెచ్చిన 1103 మెమరీ చిప్పు పద్ధతి వేరు: అందులో బిట్టు అంటే ఇట్టే కారిపోయే విద్యుదావేశం. కొన్ని మిల్లీసెకన్లకోసారి దాన్ని మళ్లీ నింపాలి, కరెంటు పోతే అంతా పోయినట్టే. అయినా చౌక కాబట్టి అదే నెగ్గింది. మెమరీ తాత్కాలికం, డిస్కు శాశ్వతం అన్న విభజన అలా స్థిరపడింది.

ఆ విభజనను మసకబార్చింది సాఫ్ట్‌వేరే. పాత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైలులో రాసిన సమాచారం కాసేపు మెమరీలోనే ఉండేది. 30 సెకన్లకోసారి ఒక చిన్న ప్రోగ్రామ్ దాన్ని డిస్కుకు చేర్చేది. ఈలోగా కరెంటు పోతే ఆ రాత దక్కదు. అందుకే ఇప్పుడు లావాదేవీ ఖరారైందని చెప్పే ముందు డేటాబేస్‌లు ఎఫ్‌సింక్ అనే ఆదేశంతో డిస్కుకు రాయించి, అది పూర్తయ్యేదాకా ఆగుతాయి. 2006 ఆగస్టులో సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ ఈసీ2 సేవ మొదలైనప్పుడు, అద్దె సర్వర్‌ను మూసేస్తే దాని డిస్కులోని డేటా కూడా పోయేది. సర్వర్ పోయినా నిలిచే ఈబీఎస్ డిస్కులు రెండేళ్ల తర్వాతే వచ్చాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెడిస్ అనే, డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్ వాడకం. 2003లో వచ్చిన మెమ్‌క్యాష్డ్ అనే సాఫ్ట్‌వేర్ తాను క్యాష్ (వేగం కోసం ఉంచే తాత్కాలిక నకలు) మాత్రమేనని స్పష్టంగా చెప్పేది. దాన్ని నమ్మి ఎవరూ అసలు ప్రతిని చెరిపేయరు. 2009లో వచ్చిన రెడిస్ మెమరీలో ఉంటూనే డిస్కుకూ రాయగలదు. దాంతో లాగిన్ సెషన్లు, బుట్టలు, పనుల వరుసలు అన్నీ అందులోకి చేరాయి. ప్రతి మార్పునూ లాగ్ అనే ఫైలులో రాసే సెట్టింగు మనం పెడితే తప్ప ఉండదు. అది లేకపోతే, చివరి స్నాప్‌షాట్ (డేటా మొత్తానికి అప్పుడప్పుడూ డిస్కులో తీసి ఉంచే నకలు) తర్వాత జరిగిందంతా సర్వర్ కూలినప్పుడు పోతుంది. సెకనుకోసారి డిస్కుకు చేర్చేలా పెట్టినా ఒక సెకను డేటాకు హామీ లేదు. పైగా మెమరీ నిండితే వాడని కీలను (పేరుతో దాచిన డేటా ముక్కలను) తీసేయమని ఎవరైనా సెట్టింగు పెట్టి ఉంటే, బుట్టలు కూడా వాటితోపాటే పోతాయి. క్యాష్‌కు ఆ సెట్టింగు సరైనదే. అందుకే బుట్టను, క్యాష్‌ను ఒకే రెడిస్‌లో ఉంచకూడదని గట్టిగా చెబుతాను.

ఈ మధ్య చట్టం కూడా ఈ నిర్ణయంలోకి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల 2022 అక్టోబరు నుంచి వ్యాపారులు పూర్తి కార్డు నంబరును దాచుకోకూడదు. టోకెన్ (కార్డు నంబరుకు బదులుగా వాడే సంకేతం), చివరి నాలుగు అంకెల వంటివే ఉంచుకోవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, అవసరం తీరాక డేటాను చెరిపేయమంటోంది, మరో చట్టం ఉంచమంటే తప్ప. కాబట్టి డేటాబేస్‌లో టేబుల్ (పట్టిక) రూపొందించే రోజునే ఏ వరుస ఎప్పుడు చెరిగిపోవాలో, ఆ చెరిపే పని ఎవరిదో కూడా రాసుకోవాల్సి వస్తోంది.