ఒక కన్ను మూసి చూస్తే

పాపకు మూడున్నరేళ్లు. అమ్మ ఒళ్లో కూర్చుంది. నా చేతిలో అట్టముక్క మీద సీతాకోకచిలుక బొమ్మ, దాని రెక్కల నిండా ఆవగింజంత చుక్కలు. "ఎన్ని చుక్కలున్నాయో చెప్పు తల్లీ" అంటూ ఎడమ కన్ను మూశాను. పాప ఒకటీ రెండూ అని లెక్క మొదలుపెట్టింది. ఈసారి కుడి కన్ను మూశాను. వెంటనే నా చెయ్యి తోసేసింది. మళ్లీ మూస్తే తల పక్కకు తిప్పుకుంది. మూడోసారి ఏడుపు అందుకుంది.

"మహా మొండిదండీ" అంది వాళ్లమ్మ, నొచ్చుకుంటూ.

మొండితనం కాదది. కుడి కన్ను మూస్తే ఆ పిల్లకు చుక్కలు కనిపించడం లేదు. ఆ సంగతి చెప్పడం తనకు రాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక కంటితోనే చూస్తోంది కాబట్టి, చూడటమంటే అందరికీ ఇంతేననుకుంటుంది. ఇంట్లో పరుగులు పెడుతుంది, కింద పడిన పిన్ను కూడా ఏరుతుంది. రెండో కన్ను పని చేయడం లేదని ఎవరికీ అనుమానం రాదు.

నేను ఆస్పత్రి కంటి విభాగంలో ఆర్థాప్టిస్ట్‌ని. ఈ పేరు విన్నవాళ్లు చాలామంది ఎముకల డాక్టరేమో అనుకుంటారు. గ్రీకులో 'ఆర్థోస్' అంటే తిన్నగా ఉన్నది. తిన్నని చూపు గురించిన పని మాది. ఆపరేషన్ చేసేది డాక్టర్లు. రెండు కళ్లూ జతగా పని చేస్తున్నాయా, లేకపోతే తేడా ఎక్కడుంది, ఎంత ఉంది అని కొలిచి చెప్పేది మేము. ప్రపంచంలో తొలి ఆర్థాప్టిస్ట్‌గా పేరున్న మేరీ మాడాక్స్ 1920ల్లో ఇంగ్లండ్‌లో ఈ పని మొదలుపెట్టారు. ఆమె తండ్రి ఎర్నెస్ట్ మాడాక్స్ కంటి డాక్టర్. చుక్కలాంటి దీపాన్ని పొడుగాటి గీతలా చూపించే ఆయన 'మాడాక్స్ రాడ్' ఇప్పటికీ మా సొరుగులో ఉంటుంది.

మా గదిలో పరికరాలు చాలానే ఉన్నా, రోజంతా నా చేతిలో ఉండేది మాత్రం చిన్న గరిటె ఆకారంలో ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క. దానితో చేసేది కవర్ టెస్ట్. ఎదురుగా ఉన్నవారిని ఒక బొమ్మ వైపు చూడమని, ఒక కన్ను మూస్తాను. నేను గమనించేది మూసిన కన్నును కాదు, తెరిచి ఉన్నదాన్ని. అది కదలకుండా ఉంటే ముందు నుంచీ బొమ్మనే చూస్తోందన్నమాట. ముక్కు వైపు నుంచి బయటికి జరిగి బొమ్మను పట్టుకుందా, అప్పటిదాకా లోపలికి తిరిగి ఉంది. ఆ కదలిక ఒక్కోసారి వెంట్రుకవాసి ఉంటుంది. రెప్పపాటులో అయిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి నాకు కొన్నేళ్ల సాధన పట్టింది.

తేడా ఎంతో కొలవడానికి వెలుగును పక్కకు వంచే ప్రిజంలు వాడతాం. ఒక ప్రిజం డయాప్టర్ అంటే మీటరు దూరంలో వెలుగును ఒక సెంటీమీటరు పక్కకు జరిపేంత. కంటి ముందు ప్రిజం బలం పెంచుకుంటూ, రెండు కళ్లనూ మార్చి మార్చి మూస్తూ పోతే ఒక చోట కదలిక ఆగిపోతుంది. అక్కడున్న అంకే మెల్లకన్ను కొలత. ఆపరేషన్‌లో ఏ కండరాన్ని ఎంత జరపాలో డాక్టర్ నిర్ణయించేది ఈ అంకెను బట్టే. అందుకే ఒకసారి కొలిచి సరిపెట్టుకోను.

సీతాకోకచిలుకకు అంత చిన్న చుక్కలెందుకంటే, దానికో కారణం ఉంది. టార్చిలైటు చూపిస్తే పిల్లలు దానివైపు ఊరికే చూస్తారు, ఫోకస్ చేయక్కర్లేదు. చుక్కలు లెక్కపెట్టాలంటే ఫోకస్ చేయాలి. ఫోకస్ చేసినప్పుడల్లా రెండు కళ్లూ కొంచెం లోపలికి తిరగడం సహజం. ప్లస్ పవర్ ఎక్కువగా ఉన్న పిల్లలు దూరంగా ఉన్నదాన్ని చూడటానికి కూడా ఫోకస్ చేయాల్సి వస్తుంది; ఆ శ్రమకు కన్ను మరీ లోపలికి తిరిగి మెల్ల వస్తుంది. ఇలాంటి మెల్ల టార్చిలైటుకు దొరక్కపోవచ్చు, చుక్కలకు దొరుకుతుంది. సరైన కళ్లజోడు పెడితే ఈ పిల్లల్లో చాలామందికి కళ్లు తిన్నగా నిలబడతాయి, తీస్తే మళ్లీ తిరుగుతాయి. కళ్లజోడు అలవాటై మెల్ల పెరిగిందని తల్లిదండ్రులు కంగారుపడతారు. పెరగలేదు, అద్దాలు ఆపుతున్నదేమిటో వాళ్లకు ఇప్పుడు కనిపిస్తోంది, అంతే.

పెద్దవాళ్లు వేరే బాధతో వస్తారు. ఒకటి రెండుగా కనిపిస్తోందంటారు. వాళ్లనూ ముందు ఒక కన్ను మూసి చూడమంటాను. మూసినా రెండుగానే ఉంటే తేడా సాధారణంగా ఆ ఒక్క కంటిలోనే, శుక్లం లాంటిదేదో. ఏ కన్ను మూసినా ఒకటైపోతే రెండు కళ్ల గురీ తప్పిందన్నమాట. ఒక్కో కంటిని తిప్పేవి ఆరు కండరాలు, వాటిని నడిపే నరాలు మూడు. ఏ వైపు చూస్తే బొమ్మలు ఎక్కువ దూరం జరుగుతున్నాయో అడిగితే ఏ నరమో చాలావరకు తెలిసిపోతుంది. తల ఒక పక్కకు వాల్చి కూర్చునేవారిని పాత ఫోటోలు తెమ్మంటాను. చిన్నప్పటి ఫోటోలోనూ తల అలాగే వాలి ఉంటే అది పుట్టుకతో వచ్చిన నరం బలహీనత కావచ్చు. మనసు కాస్త కుదుటపడుతుంది. అదే రెప్ప వాలి, కన్ను బయటికీ కిందికీ తిరిగి, కంటిపాప పెద్దదైతే మాత్రం నిమిషం ఆలస్యం చేయకూడదు. మెదడు రక్తనాళంలో ఉబ్బు ఆ నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

మళ్లీ ఆ పాప దగ్గరికి వస్తాను. ఆమెకు డాక్టర్ చుక్కల మందు వేసి కంటి వెనక భాగం చూశారు. పిల్లల్లో మెల్ల కనిపిస్తే ఇది తప్పనిసరి. అరుదుగానైనా కంటి వెనక తెర అయిన రెటీనాలో కణితికి తొలి గుర్తు మెల్లే అవుతుంది. పాప కన్ను ఆరోగ్యంగా ఉంది. పవర్ మాత్రం ఎడమ కంటికి బాగా ఎక్కువ. ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేసింది. దీన్ని ఆంబ్లియోపియా అంటారు. 1960ల్లో హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల్లో ఒక కంటి రెప్పను కొన్నాళ్లు మూసి ఉంచారు. తెరిచాక కన్ను బాగానే ఉంది కానీ, మెదడులో దానికి స్పందించే కణాలు దాదాపు లేకుండా పోయాయి. పెద్ద పిల్లులకు అలా జరగలేదు. 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. నేను నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో అంత తొందరపడేది ఇందుకే.

ముందు కళ్లజోడు. కొందరికి కొన్ని వారాల్లో దానితోనే చూపు మెరుగవుతుంది. చాలకపోతే బాగున్న కంటికి ప్యాచ్, అంటే దాన్ని మూసి ఉంచే అంటుడు పట్టీ. బాగున్న కన్ను మూయమని 1743లోనే ఫ్రాన్స్‌లో ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ చెప్పాడు. ఆంబ్లియోపియా మధ్యస్థంగా ఉంటే రోజుకు 2 గంటల ప్యాచ్ కూడా 6 గంటలంత ఫలితమిస్తుందని 2003లో ఒక అధ్యయనం చూపించింది. రోజంతా అంటించి పిల్లను ఏడిపించక్కర్లేదని అమ్మానాన్నలకు చెప్పగలగడం నాకెంత ఊరటో! ప్యాచ్ కళ్లజోడు మీద కాకుండా చర్మానికే అంటించాలి, లేకపోతే సందులోంచి చూసేస్తారు. దానితో మెల్ల పోదని కూడా మొదటి రోజే చెబుతాను. ప్యాచ్ తెచ్చేది చూపును. అసలు ఒప్పుకోని పిల్లలకు మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దాన్నే మసకబారేలా చేస్తాం.

నాలుగు నెలలకు పాప ఎడమ కంటితో చుక్కలు లెక్కపెట్టింది, బొమ్మను ముక్కుకు ఆనించుకుని. ఇంకొన్నాళ్లకు రెండు కళ్లకూ చార్టులో ఒకే లైను వచ్చింది. ఆరోజు వాళ్లమ్మ ప్యాచ్‌ల డబ్బా తిరిగిచ్చేయబోయింది. ఉంచమన్నాను. చికిత్స ఆపాక మొదటి ఏడాదిలో దాదాపు నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ తగ్గుతుంది. తగ్గినా ఆ పిల్ల చెప్పదు, మొదటిసారి చెప్పనట్టే. మూడు నెలల తర్వాతి తేదీ చీటీ మీద రాసిచ్చి, అప్పటికి ఇంకా చిన్న చుక్కలున్న బొమ్మ తీసి ఉంచుతానని పాపకు మాటిచ్చాను.